నీటి గడపమీది ఈగ

(మహాసభ రెండవనాటి సాయంకాలమున చేసిన ప్రసంగపాఠము)



కార్యదర్శిగారు మమ్ము ప్రసంగింపుమని కోరినపుడు, మేము కాళిదాసుని యుపమలను గూర్చి మాటాడుదుమని తలంచియుందురు. ఆ ప్రసంగమును ఇట్టి సభలయందు మూడుసార్లు చేసియున్నాము. మూడవసారి ముందువరుసలోని పెద్దలు కొందఱు నిద్రించిరి. వారిని మేము తప్పుపట్టము. ఈ యేడు విషయము మార్చితిమి. మేము నేడు చెప్పబోవునది ఒక ఈగను గూర్చి. అదియు నిజమైన ఈగ కాదు. బియ్యపుగింజకంటె కొంచెము పెద్దదైన యుక్కుకొక్కెముమీద దారముతోను, ఈకతోను, బొచ్చుతోను కట్టిన బొమ్మ యీగ. చల్లని యేళ్ళలో నుండు ట్రౌటు అను చేపను పట్టుటకు దానిని కట్టుదురు.

సంస్కృతము చెప్పుకొని బ్రదికిన పంతులునకు చేపలతో నేమి పని యని మీరడుగవచ్చును. శాకుంతలమున ఉంగరము దొరకినది చేప కడుపులోననే కదా యని తప్పించుకొనవచ్చును గాని, ఇంతకంటె గట్టి యాధారమే కలదు. పండ్రెండవ శతాబ్దియందు రాజ్యమేలిన కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను సంస్కృతగ్రంథమున రాజవినోదములను వర్ణించుచు, మత్స్యవినోదమను ప్రకరణమునే వ్రాసెను. ఏ చేప యెట్టి నీట నుండును, దేనిని తినును, దానికి ఏ యెఱ వేయవలెను అను విషయములు అందు గలవు. జంతుశాస్త్రజ్ఞుడైన సుందరలాల్ హోరాగారు 1951లో దానిని గూర్చి వ్యాసము ప్రకటించిరి. కావున పంతులు దారి తప్పలేదు. భేదమొక్కటే: రాజుగారు చెప్పిన యెఱలు చేప తినదగినవి, మేము చెప్పబోవునది తినుటకు పనికిరానిది. చేపకు దానియందు రుచి లేదు, వాసన లేదు. కేవలము రూపమును, నడకయు చూచి మోసపోవలెను. ఈ విద్యయు క్రొత్తది కాదు. క్రీ. శ. 200 ప్రాంతమున ఈలియన్ అను గ్రంథకర్త, మాసిడోనియా దేశపు జాలరులు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడయీకలు రెండు కట్టి చేపలు పట్టుదురని వ్రాసెను.

ఇది మాకెట్లు తటస్థించెనో చెప్పవలెను. 2023 మే నెలలో మేము అమెరికాలోని న్యూజెర్సీయందు మా కుమార్తె యింట నుంటిమి. అచ్చటికి రెండు మూడు గంటల ప్రయాణదూరమున న్యూయార్కు రాష్ట్రములో క్యాట్‌స్కిల్ అను కొండలున్నవి. మా పూర్వశిష్యు డొకడు, ఇప్పుడు నలుబదియైదేండ్ల యింజనీరు, మేము వచ్చితిమని విని మమ్ము చూడవచ్చెను. వచ్చి, "మాస్టారూ, నాతో ఒక్కసారి ఏటికి రండి" అనెను. ఆ మాట పూర్తిచేయుటకు ఆతనికి కొంతసేపు పట్టెను. ఆతనికి చిన్ననాటినుండి నత్తి యున్నది.

ఆ నత్తిని గూర్చి మేము ఈ సభలో ఒప్పుకొనవలసిన సంగతి యొకటి కలదు. ఆతడు తొమ్మిదవ తరగతిలో నుండగా పద్యము చదువుమని లేపితిమి. మొదటి యక్షరముమీదనే ఆగెను. తరగతి నవ్వెను. మేము నవ్వలేదు గాని, కూర్చుండుమంటిమి. ఆ పద్యమును ప్రక్కవానిచేత చదివించితిమి. ఆ యేడాదియంతయు ఆతనిని మరల లేపలేదు. దానిని దయ యనుకొంటిమి. పాఠము త్వరగా నడచుటకు అది యనుకూలముగ నుండెనను మాట మాత్రము అప్పుడు మనస్సునకు రానీయలేదు.

ఇక ఏటిమాట. ఆ కొండలలో రాస్కో అను చిన్న యూరివద్ద బీవర్‌కిల్, విల్లోవీమాక్ అను రెండు ఏళ్ళు కలియును. నీరు గులకఱాళ్ళమీద అద్దమువలె పారుచుండును. కాలు పెట్టినచో ఎముక జివ్వుమనును. పట్టిన చేపను మరల నీటిలో విడువవలెనను నియమము గల భాగములు ఆ యేళ్ళయందున్నవి. అట్టి చోటికే తీసికొనిపోయెను. మాకును ఒకదినపు అనుమతిపత్రము కొనెను. అచ్చటి గాలపువిద్యకు మూలపురుషులలో థియొడోర్ గోర్డన్ అనునాయన యొకడు. ఆయనకు ఇంగ్లాండునుండి హాల్ఫర్డు అను ఆచార్యుడు 1890లో కొన్ని కట్టుడు ఈగలను పంపెను. గోర్డన్ వానిని చూచి, పరదేశపు ఈగలు ఈ నీటికి చాలవని, తన యేటి పురుగులకు తగినట్లు వేఱుగ కట్టుకొనెను. ఆయన 1915లో మరణించెను.

ఈ చేపలకు ముఖ్యాహారము ఇంగ్లీషున మేఫ్లై అని పిలువబడు పురుగు. శాస్త్రజ్ఞులు దాని వర్గమునకు పెట్టిన గ్రీకు పేరులోని తొలిమాటకు ఒక్కదినముండునది యని యర్థము. కాని ఆ పేరు దాని ఱెక్కల బ్రదుకునకే చెల్లును. గ్రుడ్డునుండి వచ్చిన పురుగు తఱచుగా ఏడాదికాలము ఏటియడుగున రాళ్ళనంటి బ్రదుకును. కాలము వచ్చినపుడు నీటిపైకి లేచును. అచ్చట దాని వీపు చిట్లును. ఆ చీలికనుండి ఱెక్కల ఈగ బయటికి రావలెను. వచ్చి, పాత తోలును విడిచి, ఱెక్కలు నిలుపుకొని, చెట్లలోనికి పోయి, అక్కడ ఇంకొకసారి తోలు విడుచును. ఱెక్కలు వచ్చినపిమ్మట మరల తోలు విడుచు పురుగు లోకమున ఇదియొక్కటే. ఱెక్కల దశలో దానికి ఆహారము లేదు. తినుటకు తగిన నోరే యుండదు. జతకూడి, నీటిపై గ్రుడ్లు విడిచి, చచ్చి తేలిపోవును.

ఈ కథలో కఠినమైన చోటు నీటి పైపొర. గిన్నెనీటిమీద సూదిని మెల్లగా పెట్టినచో తేలుట పాఠశాలలో మీరందఱు చూచియుందురు. మనకు లెక్కలేని ఆ పొర పురుగునకు కప్పువంటిది. క్రిందనుండి దానిని ఛేదించుకొని రావలెను. సగము దేహము నీటిలో వ్రేలాడుచుండగా, సగము గాలిలోనికి వచ్చి, తోలు వీడక పెనుగులాడు క్షణములు కొన్ని యుండును. అప్పుడు అది మునిగి దాగలేదు, ఎగిరి తప్పించుకొనలేదు. ట్రౌటునకు అంతకంటె సులభమైన భోజనము లేదు. ఈ దశలోని పురుగునే ఎమర్జరు అందురు. దానిని పోలిన కట్టుడు ఈగకును అదే పేరు.

ఇది విని మేము ఆశ్చర్యపడనక్కఱలేదని తరువాత తోచెను. తొలకరి పడిన సాయంకాలము మన పెరళ్ళలో ఉసుళ్ళు లేచుట ఎఱుగనివా రెవరు? దీపము చుట్టును ఎగురు ఉసుళ్ళను బల్లి పట్టును, నిజమే. కాని కప్పయు, కాకియు, కోడియు పోయి నిలుచునది ఎక్కడ? పుట్ట రంధ్రమునొద్ద. ఱెక్కలు విప్పక మున్నే, తల బయటపెట్టిన దానిని పెట్టినట్లు తినును. మన కోడికి తెలిసిన యీ విషయమును ఇంగ్లాండు దేశపు పెద్దలు గ్రహించుటకు ఎంత కాలము పట్టెనో వినుడు.

దక్షిణ ఇంగ్లాండులో సుద్దనేలలనుండి ఊటలుగా పుట్టు టెస్టు, ఇట్చెన్ అను ఏళ్ళున్నవి. (సుద్దముక్కతో బ్రదికిన మాకు ఆ పేళ్ళపై సహజముగ ప్రీతి కలిగెను.) అచ్చట పైని చెప్పిన హాల్ఫర్డు 1886లో తేలు ఈగలను కట్టు విధానముపై గ్రంథము ప్రకటించి, ఒక సిద్ధాంతము నెలకొల్పెను. ఈగ పూర్తిగా ఱెక్కలు విప్పి, నీటిమీద పొడిగ నిలిచినదానివలె నుండవలెను. చేప పైకి లేచి తినుట కంటితో చూచినగాని గాలము విసరరాదు. తక్కినదంతయు అనాచారము. హాల్ఫర్డు మహాపరిశ్రమ చేసినవాడు. ఆయన కట్టిన యీగలు చూడ ముచ్చటగ నుండును. కాని శిష్యులు గురువును మించి కఠినులగుట లోకసహజము.

జి. ఇ. ఎం. స్క్యూసు అను న్యాయవాది అదే యేటిలో గాలము వేయుచు, సరిగా తేలక తడిసి మునిగిన యీగనే చేపలు పట్టుచుండుట గమనించెను. ఆరిన యీగ ప్రక్కన తేలిపోవుచున్నను కన్నెత్తి చూడని చేప, మునిగినదానిని మ్రింగుచుండెను. ఇది తన పొరపాటు కాదు, చేప చెప్పిన సాక్ష్యమని ఆయన గ్రహించి, 1910లో ఒక పుస్తకము వ్రాసెను. అంతట వివాదము పుట్టెను. హాల్ఫర్డు 1914లో గతించినను వివాదము గతింపలేదు. 1938లో లండనులోని గాలపువారి సంఘమున దీనిపై చర్చాసభ జరిగెను. ఎనుబదియేండ్లకు సమీపించిన స్క్యూసు అందు దాదాపుగ ప్రతివాదివలె నిలువవలసివచ్చెను. ఆయన 1949లో కాలధర్మము చెందెను. మన మహాసభలలోని తీర్మానముల రగడలను తలచుకొని మాకు కొంత యూరట కలిగినది. ఈగను గూర్చియు పెద్దమనుష్యులు ఇంత పోట్లాడుదురన్నమాట.

పొడి యీగయా, తడి యీగయా యను ఈ పోరాటమునకు నడుమ, సగము తడియు సగము పొడియునైన యీగ చాలకాలము సరియైన స్థానము లేకయే యుండెను. 1971లో అమెరికనులు స్విషరు, రిచర్డ్సు అనువారి గ్రంథము దీనిపై దృష్టిని మరల్చెను. 1984లో హాలెండు దేశస్థుడు హాన్స్ వాన్ క్లింకెన్ నార్వేలోని గ్లోమా నదివద్ద కట్టిన యీగ ఇప్పుడు లోకమంతట వ్యాపించినది.

దానిని కట్టు తీరు చెప్పెదము. కొక్కెము వంపుగా నుండును. దానిని చిన్న పట్టుకారున బిగించి, సన్నని దారముతో ముందు చుట్టుదురు. తలవైపున తెల్లని దారపు పోగును స్తంభమువలె నిలువుగ కట్టుదురు. అది ఱెక్కకు మాఱు, మన కంటికి గుఱుతు. వంపు పొడవున బొచ్చును దారమునకు పులిమి సన్నని దేహము చేయుదురు. స్తంభము మొదట మన నెమలి పింఛపు నూగు రెండు మూడు చుట్లు చుట్టుదురు. పిమ్మట కోడిపుంజు మెడయీకను స్తంభము చుట్టును గొడుగువలె అడ్డముగ త్రిప్పుదురు. మన దేశపు పుంజుల మెడలు ఈ పనికై ఆ దేశములకు విరివిగ పోయెడివట. తైలము గొడుగునకే రాయవలెను, దేహమునకు తగులరాదు. అప్పుడు గొడుగు నీటిపొరమీద నిలుచును, దేహము క్రిందికి వ్రేలాడును. గొడుగునకు బదులు బాతు తోకమొదట నుండు తైలగ్రంథి చుట్టునున్న మెత్తని యీకను గాని, లేడివెండ్రుకలను విసనకఱ్ఱవలె నిలిపి గాని కట్టుటయు కలదు. వెనుక కొంచెము గోధుమవన్నె మెఱుపుదారము వ్రేలాడవిడిచినచో, ఊడీ యూడని తోలువలె నుండును.

దేహము వ్రేలాడుటయే ముఖ్యమనుటకు కారణము చేప చూపులో నున్నది. నీటిలోనుండి పైకి చూచు కంటికి లోకమంతయు ఒక గుండ్రని కిటికీలో ఇమిడి కనబడును. ఆ చూపు కోణము సుమారు 97 డిగ్రీలు. ఆ కిటికీకి ఆవల నీటిపొర అద్దమై ఏటియడుగునే ప్రతిబింబించును. పొరమీద నిలిచిన యీగ ఱెక్కలు కిటికీ యంచునకు వచ్చువఱకు చేపకు తెలియవు. పొరక్రింద వ్రేలాడునది అంతకు ముందే దూరమున కనబడును.

మేమును ఒకటి కట్టితిమి. ఆతని యింట భోజనబల్లమీద. దారము మూడుసార్లు తెంపితిమి. నలుబదియేండ్లు సుద్ద పట్టిన వ్రేళ్ళకు ఈక నిలువదు. తుదకు కొక్కెముమీద నిలిచినది తడిసిన కోడిపిల్లవలె నుండెను. ఆతడు దానిని దీపము క్రింద అటునిటు త్రిప్పి, "ఇదే బాగుంది మాస్టారూ, చేపకి ఇలా చెదిరిందే కావాలి" అనెను. గురుభక్తియేమో యనుకొంటిమి.

మఱునాడు సూర్యుడు కొండచాటు కాగానే గంధకపు వన్నెగల చిన్న యీగలు నీటిమీద లేవజొచ్చెను. చిన్న తెరచాప పడవలవలె ఱెక్కలెత్తి తేలివచ్చుచుండెను. చేపలును లేచుచుండెను. తేలు ఈగలున్నవి, లేచు చేపలున్నవి, ఇంక సందేహమేమని మేము ఆతని పెట్టెలోని చక్కని పొడి యీగను ఏరి కట్టించుకొని విసరితిమి. ఈ గాలమున ఈగకు బరువు లేదు. త్రాటి బరువే దానిని తీసికొనిపోవును గనుక విసరుట వేఱు విద్య. మా త్రాడు ఎక్కువగ మా టోపీకే చుట్టుకొనెను. సరిగా పడిన పదిపండ్రెండు సారులును ఒక్క చేపయు దానిని ముట్టలేదు.

"బుడగ ఉందా మాస్టారూ?" అని ఆతడు మెల్లగా అడిగెను. మాకర్థము కాలేదు. చేప నీటిమీది యీగను నోరు తెఱచి పట్టినపుడు గాలియు మ్రింగును. ఆ గాలి బుడగయై వెనుక మిగులును. పొరక్రింది పురుగును పట్టినపుడు తఱచుగా బుడగ యుండదు. నీరు ఉబ్బును, వీపో తోకయో కనబడి పోవును. చూచితిమి. ఎక్కడను బుడగ లేదు. ఱెక్కల పడవలన్నియు క్షేమముగ సాగిపోవుచుండెను. మేము ఇంతసేపు కంటికి ఎదురుగ తేలుచున్నవానినే చూచుచుంటిమి; చేపలు రాకమునుపే తినివేయుచున్నవానిని చూడలేదు.

అప్పుడాతడు మా కోడిపిల్లను త్రాటికి కట్టెను. పగలు పోలేదు, రాత్రి రాలేదు. పురుగు నీటిలో లేదు, గాలిలో లేదు. "ఇది నృసింహావతారపు వేళరా! లోపల గాదు, వెలుపల గాదు, గడపమీదనే!" అంటిమి. ఆ యీగకు సంధిమక్షికమని పేరును పెట్టితిమి. ఆతడు నవ్వెను గాని కన్ను నీటిమీదనుండి తీయలేదు.

రెండుసార్లు చేప లేచెను. రెండుసార్లు మేము తొందరపడి లాగితిమి; ఈగ దాని నోటినుండి ఊడివచ్చెను. "ఆ... ఆ... ఆగండి మాస్టారూ. అది నోరు మూసి కిందికి తిరగాలి. అప్పుడు" అనెను. మూడవసారి నీరు ఉబ్బెను, మేము ఊపిరి బిగపట్టి ఆగితిమి, కఱ్ఱ వంగెను. జానెడుకు మించిన చేప. వెన్ను మట్టిరంగు, ప్రక్కల ఎఱ్ఱని చుక్కలు. ఆతడు చేతులు ముందు తడిపికొనెను. పొడిచేయి తగిలినచో దాని యొడలి జిగురుపొర పోవునట. నీటిలోనుండి తీయకయే ముల్లు విడిపించెను. కొక్కెమునకు వెనుకముల్లు ముందే నొక్కివేయబడి యున్నది. చేప ఆతని చేతిలో రెండు మూడుసార్లు మొప్పలాడించి పోయెను.

విడిచితిమి గనుక హింస లేదని మేము వాదింపము. నోట ముల్లు గ్రుచ్చి వినోదమునకు లాగుట హింసయే. ఇంటికి వచ్చినపిమ్మట మేము మరల కఱ్ఱ పట్టలేదు. కాని ఆ యేటివద్ద ఇంకొక సాయంకాలము నిలిచి, బుడగలను చూచుటకైన పోవలెనని యున్నది.

తిరిగివచ్చునపుడు కారులో మేమే ఎత్తితిమి, ఆ తొమ్మిదవ తరగతి సంగతి. ఆ పద్యమేదో మాకు జ్ఞప్తిలేదు. ఆతనికి జ్ఞప్తియున్నది. కొంతసేపు ఏమియు మాటాడలేదు. తరువాత దారివైపే చూచుచు దానిని మొదటినుండి చదివెను. నాలుగుచోట్ల ఆగెను. రెండవచోట ముందుమాట మా నాలుకమీదికి వచ్చెను, అందీయలేదు. చివఱి పాదము ముగియునప్పటికి ఒక యూరు దాటితిమి. "అర్థం కూడా చెప్పమంటారా మాస్టారూ?" అనెను. చెప్పుమంటిమి.

ఆతడు ఇచ్చిన యీగలు నాలుగు ఈ వేదికప్రక్కన బల్లమీద అద్దపు మూత క్రింద నుంచితిమి: అడుగున బ్రదుకు పురుగు, గడపమీది యీగ, ఱెక్కలు నిలిపిన యీగ, చచ్చి ఱెక్కలు చాచి తేలు నీగ. ప్రక్కన భూతద్దము కలదు. ఐదవది, కోడిపిల్లవంటిది, మాది, నవ్వవలదు. భోజనములకు ఇంకను అరగంట యున్నదని కార్యదర్శిగారు చెప్పుచున్నారు గనుక, చూడదలచినవారు వరుసగా రావచ్చును. పిల్లలు మాత్రము మూత తీయరాదు. మా దానికి వెనుకముల్లు నొక్కుట మఱచితిమి.